లైన్ కిలీరు

ఆమదాలవలస. పాలిటెక్నిక్ రెండో అంతస్తు.
రాత్రి పదకొండూ పది.
నలభై మిషన్లు, నలభై ఖాళీ డిస్కులు.
పొద్దున్న తొమ్మిదికి పిల్లలు
హాల్‌టికెట్లు పట్టుకుని వచ్చేస్తారు.

ఒక్క బటన్ నొక్కితే చాలు సార్,
మిగతాదంతా అదే చూసుకుంటుందని
ప్రిన్సిపాల్‌కి చెప్పింది నేనే.
ఏ భాష, ఏ టైము, ఏ డిస్కు, ఏ పాస్‌వర్డు,
అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు
ముందే ఒక ఫైల్లో రాసిపెట్టాను,
చొక్కా మడతలో చీటీ దాచుకున్న కుర్రాడిలా.

మిషను లేస్తుంది, ఊరూ పేరూ లేకుండా.
తీగలోకి నోరు పెట్టి కేకేస్తుంది:
ఎవరైనా ఉన్నారా, నాకో నంబరివ్వండి.
మూలనున్న సర్వరు వింటుంది, ఇస్తుంది.
కెర్నల్ దిగుతుంది చుక్కలు చుక్కలుగా.
అక్కడిదాకా బాగుంటుంది.

తర్వాత నీలం తెర.
నెట్‌వర్క్ దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించాలా?
నలభై తెరల మీద అదే ప్రశ్న.
ఇప్పుడే కదే మాట్లాడావు
ఇదే తీగ మీద, ఇదే సర్వరుతో!

కేబుల్ మార్చాను.
కొత్త కొన బిగించాను.
తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ...
ఎనిమిది రంగులూ నా బొటనవేలికి కంఠతా వచ్చు.
సర్వర్ లాగ్ తెరుచుకుని కూర్చున్నాను.
మొదటి కేక ఉంది. రెండోది లేదు.
అడిగానంటుంది మిషను.
వినపడలేదంటుంది సర్వరు.
ఇద్దరూ అబద్ధమాడే రకం కాదు.
అందుకే భయమేసింది.

ఫ్లాస్కులో టీ తెచ్చాడు తవిటయ్య.
ఇప్పుడు వాచ్‌మేన్,
అంతకుముందు ఇరవయ్యారేళ్ళు
దూసి దగ్గర రైలు గేటు.
‘ఏటమ్మా, ఇంకా అవ్వనేదా?’
పిలుస్తోంది గానీ అవతలికి వినపడ్డం లేదన్నాను.
‘మద్దిన ఎవుడో ఒకడుంటాడు గదా.’
ఉన్నాడు. నలభై ఎనిమిది కన్నాల స్విచ్చి.
పచ్చ దీపాలు, అక్కడక్కడా పసుపు.
‘పసుపా? అయితే లైన్ కిలీరు అవ్వనేదు.
గూడ్సోడు ఎంత కూతెడితే ఏటి?
గేటు పడాల, టేసన్ మాస్టరు నంబరియ్యాల.
అప్పుడు గదా బండి.’

నవ్వాను.
సగం గ్లాసు దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఒక్క మిషనునే మళ్ళీ లేపి, తెర వదిలేసి
దాని దీపం చూశాను.
ముందు పచ్చ.
కెర్నల్ దిగి కార్డు ఒకసారి ఒళ్ళు విదిలించుకోగానే
ఆరిపోయింది.
మళ్ళీ వెలిగింది, పసుపుగా.
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ముప్పై.
తెర మీది ఓపిక పది దగ్గరే అయిపోయింది.
ఇందాకటి మనిషే మళ్ళీ తలుపు కొట్టినా
స్విచ్చికి కొత్త మొహమే.
సందులోంచి చూస్తుంది, చుట్టు తిరిగి
తన ఇంటికే వస్తున్న దారేమోనని.

అయినా నమ్మకం కుదరక
సంచిలోంచి పాత ఎనిమిది కన్నాల డబ్బా తీశాను.
పొందూరు నెట్ సెంటర్ మూసేసినప్పుడు
ఆఖరి జీతం బదులు ఇచ్చింది.
మధ్యలో పెట్టాను.
దానికి అనుమానాల్లేవు, ఎవరొచ్చినా రమ్మంటుంది.
మిషను గడగడా ఎక్కించుకుంది.

స్విచ్చి పాస్‌వర్డు పెట్టినవాడు
కాంట్రాక్టు అయిపోయి వెళ్ళాడు, ఫోనెత్తడు.
కాబట్టి తొందరపడేదానికే చెప్పాను,
బూట్ లైను చివర ఒక్క మాట చేర్చి:
దీపం పడ్డాక అరవై లెక్కపెట్టు, అప్పుడడుగు.

స్టేషన్ మీదుగా బొగ్గు గూడ్సు పోతుంటే
కిటికీ అద్దాలు అదిరాయి.
తెరల మీద శాతాలు కదులుతున్నాయి.
నాలుగు. పదకొండు. ముప్పై రెండు.

పదిహేడో నంబరు మాత్రం లేవలేదు.
బల్ల కింద దూరితే, ఎలక కొరికిన తీగ.
రాత్రంతా నేను వెతికింది ఇదే అయ్యుంటే
ఎంత బాగుండేది!

తెల్లారగట్ల రిజిస్టర్ తెరిచాను.
కారణం అన్న గడి రెండు వేళ్ళ వెడల్పు.
ముప్పై సెకన్ల సంగతి అందులో పట్టదు,
పట్టినా బిల్లు పాసవదు.
‘ఎలక’ అని రాసి సంతకం పెట్టాను.

తవిటయ్య భుజం మీంచి తొంగి చూశాడు.
‘నలపైకి నలపయ్యీ ఎలకేనా అమ్మా?’